ముందు కాళ్ళు, తరువాతే కర్ర

క్రికెట్టులో బంతి మన మీదికి వస్తుంది. టెన్నిసులో అవతలివాడు కొడతాడు, మనం పరుగెత్తుతాం. అందకపోతే నెపం ఎండ మీదికో, గాలి మీదికో నెట్టేయవచ్చు. స్నూకరులో ఆ సదుపాయం లేదు. ఇరవైరెండు బంతులూ బల్ల మీద బుద్ధిగా కూర్చుని మన కోసం ఎదురుచూస్తూ ఉంటాయి. తెల్ల బంతి పారిపోదు. ఎర్ర బంతి పక్కకు తప్పుకోదు. గాలి లేదు, ఎండ లేదు, గదిలో అందరూ గుసగుసగానే మాట్లాడుకుంటారు. అయినా బంతి పాకెట్టులో పడదు. ఎందుకు పడలేదా అని వెతుక్కుంటూ పోతే దోషం ఎక్కడ తేలుతుందనుకున్నారు? చేతిలో అనుకుంటారు, చూపులో అనుకుంటారు. నూటికి ఎనభైపాళ్ళు అది పాదాల దగ్గర తేలుతుందని నా నమ్మకం.

టెలివిజనులో ఈ ఆట వస్తూంటే మా ఆవిడ ఒకనాడు అడిగింది: "అంత పెద్ద బల్ల చుట్టూ అన్నిసార్లు ప్రదక్షిణం చేసి, చివరికి గడ్డం కర్రకి ఆనించి పడుకుంటారేమిటండీ? నిలబడి కొడితే పోదూ?"

ప్రశ్న చిన్నదే. సమాధానం మాత్రం నాకు ఒక్క మాటలో చెప్పడం చేతకాలేదు. ఈ వ్యాసం ఆ సమాధానమే అనుకోండి.

ఇంగ్లీషువారు దీన్ని 'స్టాన్సు' అంటారు. మనకు 'నిలకడ' అన్న మాట ఉంది. నిలబడే తీరూ, కదలకుండా ఉండటమూ రెండూ ఆ ఒక్క మాటలో ఇమిడిపోయినవి గనుక నాకు అదే నచ్చుతుంది. మన పూర్వులకు ఇటువంటి విషయాలు తెలియనివి కావు. విలుకాడు నిలుచునే తీరులు అయిదని అమరకోశం లెక్కపెట్టింది: సమపదం, వైశాఖం, మండలం, ఆలీఢం, ప్రత్యాలీఢం. ఎడమకాలు ముందుకు చాచి, కుడికాలు వెనక్కి లాగి నిలుచోవడం ప్రత్యాలీఢం. కుడిచేతివాటం ఉన్న స్నూకరు ఆటగాణ్ణి పక్కనుంచి ఒకసారి చూడండి; అచ్చంగా అదే. వింటికి బదులు కర్ర, బాణానికి బదులు బంతి, అంతే తేడా.

ఇక ఆట ఎక్కడిదంటారా, మనదేశంలో పుట్టినదే. 1875లో జబల్పూరులో వానలు కురుస్తూ కాలక్షేపం కాక కూర్చున్న తెల్లదొరల సైనికాధికారులలో నెవిల్ చాంబర్లేన్ అనే యువకుడు, అప్పటికి ఆడుతున్న ఒక ఎర్రబంతుల ఆటకు రంగుబంతులు కలిపి దీన్ని తయారుచేశాడు. తరువాత ఇంగ్లండుకు ప్రధానమంత్రి అయిన చాంబర్లేన్ వేరు, ఈయన వేరు. సైనిక పాఠశాలలో కొత్తగా చేరిన పిల్లవాణ్ణి 'స్నూకర్' అని ఎగతాళి చేసేవారట. ఆటలో తడబడిన తోటివాణ్ణి ఆయన ఆ మాటతో పిలవడం, అదే ఆటకు పేరు కావడం జరిగాయి. అంటే ఆట పేరులోనే 'కొత్తవాడు' ఉన్నాడన్నమాట. ఆ తరువాత ఆయన ఉదకమండలం వెళ్ళాడు. అక్కడి ఊటీ క్లబ్బులోనే నిబంధనలు వ్రాసి గోడకు తగిలించారు. ఉదకమండలం ఆనాడు మదరాసు రాజధానిలోది. మన కోస్తా జిల్లాలూ, రాయలసీమా అదే రాజధానిలో ఉండేవి. కనుక ఈ ఆటతో మనకు పొరుగింటి చుట్టరికమైనా ఉందని చెప్పుకోవచ్చు.

చరిత్రను అక్కడ వదిలి లెక్కకు వద్దాం.

స్నూకరు బల్ల పన్నెండడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు. బంతి వ్యాసం 52.5 మిల్లీమీటర్లు, అంటే రెండు అంగుళాల కంటే పిసరు ఎక్కువ. తెల్ల బంతికీ ఎర్ర బంతికీ మధ్య ఆరడుగుల దూరం ఉందనుకోండి. ఎర్ర బంతిని నిండుగా, నడినెత్తిన కొట్టాలి. మీ కర్ర గురి తప్పినది ఎంత? ఒక్క డిగ్రీ. గడియారంలో నిమిషాల ముల్లు పది సెకండ్లలో తిరిగేటంత. ఆరడుగులు పోయేసరికి ఆ ఒక్క డిగ్రీ అంగుళంపావు అవుతుంది. బంతి మొత్తం రెండంగుళాలే గదా! అంచేత నిండుగా తగలవలసిన తెల్ల బంతి సగం కంటే తక్కువగా తగులుతుంది. ఎర్ర బంతి వెళ్ళవలసిన దారి వదిలి సుమారు ముప్ఫైయేడు డిగ్రీలు పక్కకు పోతుంది. ఒకటి ముప్ఫైయేడయింది! వడ్డీవ్యాపారి కూడా ఇంత అన్యాయం చెయ్యడు.

ఈ ఒక్క డిగ్రీ ఎక్కడినుంచి వస్తుంది? నిటారుగా నిలబడి కర్రను నడుము దగ్గర పట్టుకున్నవాడికి కన్ను ఒకచోట, కర్ర ఒకచోట. కన్ను చూచే గీత వేరు, కర్ర పోయే గీత వేరు. వంగి, గడ్డం కర్రకు ఆనించినప్పుడు ఆ రెండు గీతలూ ఒకదానిమీద ఒకటి పడతాయి. తుపాకీ పట్టినవాడు చెంపను బట్టుకు ఆనించేదీ ఇందుకే. మా ఆవిడ ప్రశ్నకు సగం సమాధానం ఇది.

మిగతా సగం కాళ్ళది. వంగిన మనిషి ఊగకూడదు. కర్ర ఒక్కటే కదలాలి, మోచేతి కింది భాగం ఒక్కటే ఊగాలి. భుజం, తల, నడుము, మోకాళ్ళు రాయిలా ఉండాలి. పైన రాయిలా ఉండాలంటే కింద పునాది ఉండాలి.

పుస్తకాలు చెప్పే పాతపద్ధతి ఇది. కుడిచేతివాటం వారికి చెబుతున్నాను, ఎడమచేతివారు తారుమారు చేసుకోగలరు. వంగిన తరువాత గురి చూసుకోవడం కాదు, గురి నిలబడి ఉండగానే చూడాలి. బంతి వెనక రెండడుగుల దూరంలో నిలుచుని, పాకెట్టు నుంచి రంగుబంతికీ, రంగుబంతి నుంచి తెల్ల బంతికీ, అక్కడినుంచి మీ కాళ్ళ దాకా ఒక గీత గీచినట్టు ఊహించుకోండి. కుడిపాదం ఆ గీత మీద వెయ్యాలి. బొటనవేలు ముందుకు గాని, కొంచెం బయటికి గాని చూడవచ్చు. ఎడమపాదం ఎడమకు భుజాల వెడల్పున, సగం అడుగు ముందుకు. కుడిమోకాలు బిగించి నిటారుగా, ఎడమమోకాలు వంచి. అప్పుడు నడుము దగ్గర మడిచి ఆ గీత వెంటనే కిందికి దిగాలి. ఎడమచేతివేళ్ళు బనాతు మీద విప్పి పరచి, బొటనవేలు పైకి లేపితే అక్కడ కర్ర నడవడానికి ఒక గాడి ఏర్పడుతుంది. తెల్ల బంతికీ ఆ చేతికీ మధ్య అడుగు, లేదా అంతకు కొంచెం తక్కువ. కర్ర గడ్డానికి తగలాలి, రొమ్ముకు రాయాలి. కుడి మోచెయ్యి పైన, ముంజెయ్యి లోలకంలాగా కిందికి వేలాడుతూ ఉండాలి.

సరిగా వచ్చిందో లేదో తెలుసుకోవడానికి ఎవరినైనా భుజం మీద మెల్లగా ఒక తోపు తోయమనండి. మీరు కదలకపోతే సరే. తూలితే పాదాలు మరికాస్త ఎడంగా వేసుకోవాలి.

ఇంతవరకూ చిక్కు లేదు. చిక్కు అంతా ఈ బొమ్మను చూచి మనుషులందరినీ దానిలో ఇరికించడంలో ఉంది. బల్ల ఎత్తు నేలనుంచి రెండడుగుల తొమ్మిదిన్నర అంగుళాలకు తగ్గకూడదు, రెండడుగుల పదిన్నరకు మించకూడదు. ప్రపంచంలో ఎక్కడైనా అంతే. దాని ముందుకు వచ్చేవారిలో ఆరడుగుల వస్తాదూ ఉంటాడు, అయిదడుగుల చిన్నపిల్లా ఉంటుంది. బల్ల ఎవరి కోసమూ వంగదు. వంగవలసింది మనమే. ఎవరి వంపు వారిదే గాని అందరికీ ఒకే వంపు ఎలా కుదురుతుంది?

ఈ సంగతి నాకు పుస్తకం చెప్పలేదు. మా తమ్ముడి కూతురి మూలంగా తెలిసింది.

ఆ పిల్లకు పదిహేనేళ్ళు. సరిగ్గా అయిదడుగులు. సికింద్రాబాదులో ఉంటారు. నాతో ఒకసారి క్లబ్బుకు వచ్చి బంతుల చప్పుడు విన్నది. ఆ చప్పుడే పట్టుకుంది. ఊళ్ళో ఒక శిక్షణశాలలో చేర్పించాం. నేర్పే కుర్రవాడు మంచివాడే, శ్రద్ధగలవాడే. అతని దగ్గర గోడకు ఒక పటం ఉంది. ఎవరు వచ్చినా ఆ పటంలో ఉన్నట్టే నిలబెట్టేవాడు. కర్ర గడ్డం నడిమధ్యకు రావాలి, ముక్కు కర్రకు సరిగ్గా పైన ఉండాలి. మా పిల్ల వంగగానే తల కొంచెం కుడికి జరిగి, కర్ర ఎడమకంటి కిందికి వచ్చేది. అతను వచ్చి తలను రెండు చేతులతో పట్టుకుని మధ్యకు తిప్పేవాడు. రోజుకు పదిసార్లు. పిల్ల బంతులు పోగొట్టుకునేది. నాలుగు నెలలు ఇలా గడిచాయి. జూనియర్ల పోటీలకు ఇంకా ఆరువారాలే ఉందనగా ఇంటికి వచ్చి, "పెదనాన్నా, నాకు ఈ ఆట రాదు. నాన్న ఇచ్చే ఫీజు దండగ. ఇంక మానేస్తాను" అన్నది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. పదిహేనేళ్ళ పిల్ల అంత చల్లగా లెక్క తేల్చి మాట్లాడుతూంటే వినడం కష్టం.

మా తమ్ముడు పైకి ఏమీ అనలేదు గాని, పదో తరగతి పరీక్షలు వస్తున్నాయి గనుక లోలోపల తేలికపడ్డాడనే నేననుకున్నాను.

మా క్లబ్బులో ఒక ముసలి మార్కరు ఉండేవాడు. ఈ తరం వారికి మార్కరు అంటే తెలియదేమో. సభ్యులు ఆడుతూంటే పాయింట్లు లెక్కకట్టి బోర్డు మీద జరిపేవాడు, పాకెట్టులో పడిన బంతులు తీసి పెట్టేవాడు, బనాతును బ్రష్షుతో తుడిచి ఇస్త్రీ చేసేవాడు, జోడీ దొరకని సభ్యుడితో తానే ఒక ఆట ఆడేవాడు. పోటీలకు వెళ్ళడం, పేపర్లో పేరు పడటం ఇటువంటివి ఏవీ లేవు. నలభై ఏళ్ళు గోడవార నిలబడి జనం ఆడుతూంటే చూచాడు. పెద్ద ఉద్యోగులు, డాక్టర్లు, వకీళ్ళు, రిటైరయిన సైనికాధికారులు అందరి కాళ్ళూ ఆయనకు తెలుసు. అందరూ బంతిని చూస్తూంటారు గదా, ఆయన మాత్రం బల్లకింద చూచేవాడు.

ఒక ఆదివారం ఉదయం బల్ల ఖాళీగా ఉన్నప్పుడు పిల్లను తీసుకువెళ్ళాను. ఆయన ఏమీ చెప్పలేదు. నీలం బంతిని బల్ల నడుమ పెట్టి, తిన్నగా మూల పాకెట్టులోకి కొట్టమన్నాడు. పిల్ల పటంలో ఉన్నట్టు నిలబడి కొట్టింది. పోయింది. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ పోయింది. ఇరవైసార్లు పెట్టాడు. నాకు విసుగు పుట్టింది గాని ఆయనకు పుట్టలేదు. చివరికి అన్నాడు:

"ఇరవైల నాలుగు పడ్డయి. పదహారు పోయినయి. పదహారూ ఒక్క దిక్కే పోయినయి, చూసినవా బిడ్డా?"

"చూశాను తాతా. అందుకే నాకు రాదంటున్నాను."

"అట్ల కాదు. చెయ్యి మంచిగ లేకుంటె ఒకటి ఇటు పోతది, ఒకటి అటు పోతది. అన్నీ ఒక్క దిక్కే పోతున్నయంటె నీ చెయ్యి పక్కాగ ఉన్నట్టు. నిలబడేదే తప్పు దిక్కున నిలబడుతున్నవు."

ఈ మాట విని నేను కుర్చీలోంచి లేచాను. ముప్ఫై ఏళ్ళుగా ఆడుతున్నాను, ఎంతోమంది ఎన్నో చెప్పగా విన్నాను. ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు. చెదిరిపోయే తప్పు చేతిది. ఒకే వైపుకు పోయే తప్పు నిలకడది.

తరువాత ఆయన ఆ పిల్ల చేత ఒక పని చేయించాడు. మీరూ ఇప్పుడే చేసి చూడవచ్చు. రెండు చేతులూ ముందుకు చాచి, అరచేతులు ఒకదానిమీద ఒకటి చేర్చి, మధ్యలో రూపాయి బిళ్ళంత సందు ఉంచండి. ఆ సందులోంచి దూరాన ఉన్న ఒక వస్తువును రెండు కళ్ళతోనూ చూడండి. ఇప్పుడు ఒక కన్ను మూయండి. తరువాత రెండోది. ఏ కన్ను తెరిచి ఉన్నప్పుడు వస్తువు ఇంకా కనిపిస్తుందో అది మీ పెత్తనం చేసే కన్ను. చేతివాటం ఉన్నట్టే కంటివాటం కూడా ఉంటుంది. రెండూ ఒకే వైపు ఉండాలని నియమం లేదు. మా పిల్లకు చెయ్యి కుడిది, కన్ను ఎడమది. తల పక్కకు జరగడం దాని అలవాటు కాదు, దాని కన్ను దానికి సరైన దారి చూపించడం! నాలుగు నెలలు మేము ఆ దారికి అడ్డం పడ్డామన్నమాట.

"తల యాడ ఉంటానంటె ఆడనే ఉండనియ్యి" అన్నాడు పెద్దాయన. "కర్రను ఎడమ కంటికిందికి తెచ్చుకో. కాళ్ళు దాని ఎంబడి జరుపు. ముందుగాల కాళ్ళు పెట్టాలె బిడ్డా, కర్ర తర్వాత."

కుడిపాదం రెండంగుళాలు జరిగింది. ఎడమపాదం కొంచెం తిరిగింది. అంతే మార్పు. ఆ ఉదయమే అద్భుతం జరిగిందని చెబితే అబద్ధమవుతుంది. మొదటి గంటలో ఇంకా ఎక్కువ పోగొట్టింది. నాలుగు నెలల అలవాటు ఒక పూటలో వదలదు. వారం తిరిగేసరికి ఇరవైకి పదకొండు పడుతున్నాయి. ఆరువారాలకు పోటీలకు వెళ్ళింది. రెండో రౌండులో ఓడిపోయింది. మానేస్తానన్న మాట మాత్రం మళ్ళీ ఎత్తలేదు.

ఇంటికి వచ్చి పాత పుస్తకాలు తిరగేస్తూంటే నాకు నవ్వు వచ్చింది. ఈ ఆటకు మొట్టమొదట శాస్త్రంలాంటిది ఏర్పరచినవాడు ఇంగ్లండు దేశపు జో డేవిస్. 1927లో మొదటి ప్రపంచ ఛాంపియన్‌షిప్ గెలిచి, 1946 దాకా వరుసగా పదిహేనుసార్లు గెలిచి, ఓటమి ఎరగకుండా ఆ పోటీలనుంచి తప్పుకున్న మహానుభావుడు. నిలకడ గురించి తరువాతివాళ్ళు వ్రాసిన వాటిలో చాలాభాగం ఆయన చలవే. ఆయన కుడికంటికి చూపు సరిగా లేదు. కర్రను ఎడమకంటి కిందనే నడిపించేవాడు! సూత్రాలు వ్రాసిన గురువే మా పిల్లలాగా నిలబడినవాడు. ఆయన సూత్రాలను పటం కట్టిన శిష్యులు మాత్రం ముక్కును మధ్యలో పెట్టమంటున్నారు. మన సంగీతంలోనూ, వైద్యంలోనూ ఇటువంటి శిష్యులు లేకపోలేదు.

కళ్ళ మాట వచ్చింది గనుక కళ్ళజోడు మాట కూడా చెప్పాలి. గడ్డం కర్రకు ఆనించి ముందుకు చూస్తే చూపు అద్దం పైఅంచుమీదుగా పోతుంది. మామూలు కళ్ళజోడుతో అక్కడ ఫ్రేమే అడ్డం వస్తుంది. జో డేవిస్ తమ్ముడు ఫ్రెడ్ డేవిస్ ఈ బాధ పడలేక అద్దాలు పైకి వాలేటట్టు ఒక ప్రత్యేకమైన జోడు చేయించుకుని అన్నగారి తరువాత ప్రపంచ విజేత అయ్యాడు. 1985లో ఐర్లండువాడు డెన్నిస్ టేలర్ తలకిందులుగా పెట్టుకున్నట్టుండే పెద్ద పెద్ద అద్దాలతో షెఫీల్డులో ఫైనలు ఆడాడు. జనం మొదట నవ్వారు. ఎదుట ఉన్నది అప్పటికి మూడుసార్లు ఛాంపియనైన స్టీవ్ డేవిస్. పైన చెప్పిన అన్నదమ్ములకు ఈయన చుట్టం కాదు. పదిహేడు, పదిహేడు సమానమై, అర్ధరాత్రి దాటిన తరువాత చివరి ఆటలో చివరి నల్లబంతి దగ్గరికి వచ్చింది తీర్పు. ఇంగ్లండులో కోటీ ఎనభైఅయిదు లక్షలమంది నిద్రమాని చూస్తున్నారు. నల్లబంతిని టేలర్ పడగొట్టాడు. ఆ రాత్రితో ఆ అద్దాలను చూచి నవ్వడం ఆగిపోయింది. కళ్ళజోడు ఉన్న పాఠకులు గమనించవలసింది ఒక్కటే: చూపు మసకగా ఉందని తల ఎత్తి ఆడకండి, అద్దాన్నే ఎత్తించుకోండి.

నా సంగతి వేరు. నాకు కళ్ళు బాగానే ఉన్నాయి, మోకాలే బాగాలేదు. అరవై దాటిన తరువాత ఎడమమోకాలిలో అరుగుదల మొదలైందని డాక్టరుగారు చెప్పారు. పాతపద్ధతిలో వంగేది ఎడమమోకాలే గదా! పది నిమిషాలు ఆడితే రాత్రి మెట్లు ఎక్కలేకపోయేవాణ్ణి. కర్రను పెట్టెలో పెట్టి తాళం వేశాను. సాయంత్రాలు ఏం చెయ్యాలో తోచేది కాదు. ఆటలో నేను ఏమంత గొప్పవాణ్ణి కాను. నా జన్మలో ఒకేసారి నలభైఒక్క పాయింట్లు కొట్టినదే పెద్ద. ఈ ఆటలో పరిపూర్ణమైన లెక్క నూటనలభైఏడు. అయినా ముప్ఫై ఏళ్ళ స్నేహితులందరూ ఆ బల్ల చుట్టూ ఉన్నారు. కర్ర మానడమంటే వాళ్ళను మానడమే.

మా పిల్లే పట్టుబట్టి తీసుకువెళ్ళింది. పెద్దాయన నా కాళ్ళవంక చూచి, "కుడికాలు బిగించకుండ్రి సార్. రెండూ ఓ తీరుగ పిసరంత వంచుండ్రి. ఎడం ఎక్కువ పెట్టుండ్రి. నడుము కాడ వంగుండ్రి" అన్నాడు. పాదాలు ఎడంగా వేస్తే మనిషి తనంత తానే కిందికి దిగుతాడు. అప్పుడు మోకాళ్ళు ఎక్కువ వంచనక్కరలేదు. చాలా పొడుగైనవారు కూడా ఈ ఉపాయమే చేస్తారు. బరువు రెండు కాళ్ళకూ పంచబడింది. రొమ్ము బల్లకు కొంచెం ఎదురుగా తిరిగింది. ఈనాటి ఆటగాళ్ళలో చాలామంది ఇలాగే, పాదాలు రెండూ దాదాపు సమంగా పెట్టి ఆడుతున్నారని తరువాత గమనించాను. అమరకోశం భాషలో చెప్పాలంటే ప్రత్యాలీఢం నుంచి సమపదం వైపుకు జరిగాం. గంటన్నర ఆడుతున్నాను. మెట్లు ఎక్కుతున్నాను.

ఇంత చెప్పాక ఒక పెంకి పాఠకుడు అడగవచ్చు: "అలెక్స్ హిగిన్స్ సంగతేమిటయ్యా?" న్యాయమైన ప్రశ్న. 1972లో, మళ్ళీ 1982లో ప్రపంచ ఛాంపియనైన ఆ మనిషి కొడుతూ కొడుతూనే పైకి లేచేవాడు, మెలికలు తిరిగేవాడు. శాస్త్రమంతా ఆయన ముందు తెల్లబోయింది. దానికి నా సమాధానం: ఆయన కొట్టే క్షణంలో కర్ర మాత్రం గీత తప్పేది కాదు. అటువంటి చెయ్యి దేవుడు ఇచ్చినవాడికి ఈ వ్యాసం అవసరం లేదు. మనబోటివారికి ఉంది. రోనీ ఓ సలివాన్ అయితే కుడిచేత్తోనూ ఆడతాడు, ఎడమచేత్తోనూ ఆడతాడు. 1996లో ఎదుటి ఆటగాడు అలాన్ రోబిడూ ఇది తనను అవమానించడమేనని కోపగించి, ఆట అయ్యాక చెయ్యి కూడా కలపలేదు. నాకు అందులో అవమానం కనిపించదు. చెయ్యి మారిస్తే కాళ్ళు, నడుము, తల అన్నీ అద్దంలో బొమ్మలా తిరిగిపోవాలి. రెండు నిలకడలు నేర్చినవాడి మీద కోపగించడం దేనికి?

పొట్టివారికీ, స్త్రీలకూ రెండుమాటలు. కొట్టే వేళ ఒక పాదమైనా నేలకు ఆని ఉండాలన్నది నిబంధన. రెండూ లేస్తే తప్పు. అందని బంతికి బల్లమీదికి పాకనక్కరలేదు. రెస్టు అనే పొడుగాటి కర్ర ఉంది, దాని కొసన కొయ్యగుర్తులాంటి ఇత్తడిముక్క ఉంటుంది. మగవాళ్ళు దాన్ని ముట్టడానికి నామోషీ పడతారు. అది ఒట్టి డాంబికం. ఇక బట్టలు. పైటచెంగు బంతికి తగిలినా తప్పే, కనీసం నాలుగు పాయింట్లు అవతలివారికి పోతాయి. మెడలో టై అయినా, జడకొస అయినా అంతే. చీరె కట్టుకుని ఆడేవారు పైట బిగించి నడుముకు దోపుకోవాలి. కుచ్చిళ్ళు కొంచెం పైకి కట్టుకుంటే పాదం ఎక్కడ పడిందో కనిపిస్తుంది. మా పిల్ల పంజాబీ దుస్తులు వేసుకుని, చున్నీని కుర్చీ మీద పెట్టి ఆడుతుంది. చెప్పులు మాత్రం అడుగు జారనివి ఉండాలి, ఎత్తుమడమలు పనికిరావు.

అందరికీ క్లబ్బులు అందుబాటులో ఉండవు. గంటకు ఇంత అని బల్లను అద్దెకిచ్చే చోట్ల పాదాలు దిద్దుకుంటూ కూర్చుంటే డబ్బు కరిగిపోతుంది. నిలకడను ఇంట్లోనే సాధన చెయ్యవచ్చు. నేలమీద సుద్దతో ఒక గీత గీయండి. గీత వెనక నిలబడటం, కుడిపాదం వెయ్యడం, ఎడమపాదం వెయ్యడం, దిగడం, లేవడం. బంతి లేకుండా రోజుకు ముప్ఫైసార్లు. ఒక ఖాళీ సీసాను బల్లమీద అడ్డంగా పడుకోబెట్టి, దాని మూతిలోంచి కర్రకొసను అంచులకు తగలకుండా ముందుకూ వెనక్కూ ఆడించండి. తగిలితే 'టింగు'మంటుంది, అంతకు మించిన గురువు లేడు. సెల్‌ఫోనులో ఎవరినైనా ఎదుటనుంచి ఒకటి, వెనకనుంచి ఒకటి బొమ్మ తీయమనండి. తల ఎక్కడ ఉందో, మోచెయ్యి ఎక్కడ ఉందో మనకు తెలుసనుకుంటాం గాని తెలియదు.

మా ఇంట్లో భోజనాల బల్ల స్నూకరు బల్ల కంటే నాలుగంగుళాలు తక్కువ. కాళ్ళ కింద ఇటుకలు పెడదామంటే మా ఆవిడ ఒప్పుకోలేదు. చేతికింద రెండు లావుపాటి నిఘంటువులు పెట్టుకుని సరిపెట్టుకుంటున్నాం, పెదనాన్న ఒకవైపు, పిల్ల ఒకవైపు. రాత్రి ఎనిమిది కాగానే నిఘంటువులూ, సీసా, కర్రలూ తీసెయ్యాలని షరతు. కంచాలు వస్తాయి.